జాన్ పీల్: ముప్పదియేడు సంవత్సరముల రేడియో సేవ

రేడియోలో గ్రామఫోను రికార్డులను ఎన్నుకొని మోగించుచు, పాటకును పాటకును నడుమ నాలుగు మాటలు చెప్పువానిని ఇంగ్లీషువారు డిస్క్ జాకీ యందురు. పాట కట్టినవాడు వేరు, పాడినవాడు వేరు. ఇక నితనికి దానిలో పాలెంత యని విద్యార్థులు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు జాన్ పీల్ అను బ్రిటిషు ప్రసారకుని జీవితము మంచి ఉత్తరము గాన, దానిని కొంత విపులముగా వ్రాయుచున్నాను.

ఈయన అసలు పేరు జాన్ రాబర్ట్ పార్కర్ రేవెన్స్‌క్రాఫ్ట్. 1939 ఆగస్టు 30వ తేదీన లివర్‌పూల్ రేవుపట్టణమునకు సమీపమున హెస్వాల్ అను ఊర జన్మించెను. తండ్రి ప్రత్తి వర్తకుడు. ష్రూస్‌బరీ పాఠశాలలో వసతిగృహమున నుండి విద్య నభ్యసించెను గాని చదువులో చెప్పుకొనదగినవాడు కాడు. వినశక్యము కాని రికార్డులపై నీ బాలునికి గల మోజును, పొడుగుపాటి హాస్యవ్యాసములు వ్రాయు అలవాటును బట్టి ఏదో యొక భయంకరమైన జీవనోపాధి దొరకవచ్చునేమో యని ఆయన గృహాధ్యక్షుడు రిపోర్టులో ఎత్తిపొడిచెను. ఆ ఎత్తిపొడుపు అక్షరాల నిజమాయెను. రిపోర్టులు వ్రాయు మావంటివారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనదగును.

సైన్యమున నిర్బంధసేవ ముగించి 1960లో అమెరికాకు పోయెను. 1964లో బీటిల్స్ అను లివర్‌పూల్ గాయకబృందము ఆ దేశమును ముంచెత్తగా, డాలస్ నగరపు రేడియోవారు ఈయన లివర్‌పూల్ ప్రాంతమువాడని విని, పిలిపించి, ఆ బృందమును గూర్చి మాటలాడించిరి. పుట్టిన ఊరే యోగ్యతాపత్రమాయెను! ఆ దేశముననే 1965లో పదునైదేండ్ల బాలికను వివాహమాడెను. ఆ పని గర్హ్యమని వేరుగ చెప్పనక్కరలేదు. ఆ వివాహమును నిలువలేదు. ఓక్లహోమాలోను, కాలిఫోర్నియాలోను పనిచేసి 1967లో స్వదేశమునకు మరలెను.

ఆ కాలమున బ్రిటనులో రేడియో ప్రసారము బి.బి.సి. సంస్థ గుత్తసొత్తు. అందుచే కొందరు వర్తకులు సముద్రమున ఓడలకు లంగరు వేయించి, అచ్చటినుండి పాటలు ప్రసారము చేయించుచుండిరి. అట్టి ‘రేడియో లండన్’ ఓడలో ఈయన అర్ధరాత్రివేళ ప్రసారము చేయుచుండెను. జాన్ పీల్ అను పేరు అచ్చట పెట్టినదే. 1967 ఆగస్టులో పార్లమెంటు చట్టము ఈ ఓడల నోరు మూయించెను. సెప్టెంబరు 30వ తేదీన బి.బి.సి. తానే యువజనులకై రేడియో 1ను ప్రారంభించి, ఓడలవారిని పలువురను కొలువులో చేర్చుకొనెను. వారిలో పీల్ ఒకడు.

ఇచ్చట ఒక చిక్కును వివరింపవలసియున్నది. రేడియోలో రికార్డులే అదేపనిగా మోగినచో తమకు పని పోవునని వాద్యగాండ్ర సంఘము భయపడెను; తమ రికార్డులు అమ్ముడుపోవని కంపెనీలును భయపడెను. కావున నిర్ణయించిన గంటలకు మించి రికార్డులు మోగింపరాదని బి.బి.సి.తో ఒడంబడిక యుండెను. రికార్డుపై ముల్లు నడచు కాలమునకు హద్దు గాన దీనిని ‘నీడిల్ టైమ్’ అనిరి. ఈ కట్టుబాటు 1988 వరకు సాగెను. మిగిలిన కాలము నింపవలెనన్న గాయకులను స్టూడియోకు రప్పించి పాడించుటయే గతి.

పీల్‌కును, ఆయన నిర్మాతయగు జాన్ వాల్టర్స్‌కును ఈ సంకెలయే సాధనమాయెను. బృందమునకు సాధారణముగా ఒక్క దినము గడువు, నాలుగు పాటలు, బి.బి.సి. ఇచ్చు రుసుము. మెరుగులు దిద్దుటకు తీరిక యుండదు. రికార్డు కంపెనీ గడప తొక్కనివారికి సైతము దేశమంతయు వినునట్లు పాడు అవకాశము ఇట్లు లభించెను. ‘పీల్ సెషన్స్’ అని పేరొందిన ఈ కూర్పులు 2004 నాటికి 4,000కు మించెను. పాడినవారు 2,000కు పైగా బృందములు. జాయ్ డివిజన్ 1979లోను, ది స్మిత్స్ 1983లోను ఇట్లు పాడిరి. జింబాబ్వేనుండి వచ్చిన భుండూ బాయ్స్ 1986లో పాడిరి. ది ఫాల్ అను బృందము ఇరువదినాలుగు మారులు వచ్చెను.

ఇంతమందిని కనుగొనుట యెట్లు? టపాలో వచ్చు టేపులను, రికార్డులను మోసికొనిపోయి, సఫక్ మండలమున గ్రేట్ ఫిన్‌బరో పల్లెలోని తన యింట కూర్చుండి వినుచుండెను. పంపినవాని పేరు ప్రతిష్ఠలతో ఆయనకు పని లేదు. ఒక్క రాత్రి ప్రసారముననే జమైకా పాట, ఆఫ్రికా గిటారు, ఇంగ్లీషు కుర్రల కేకలు వరుసగా వినవచ్చును. ఆయన మోగించినదంతయు ఇంపైనదని నేననను. చాలభాగము నా చెవికి రొదయే. కాని వినకమునుపే త్రోసివేయుట ఆయన ఎరుగడు. ఒక్కొక్కప్పుడు నిమిషమునకు 45 చుట్లు తిరుగవలసిన రికార్డును 33 చుట్లకు పెట్టుటయు గలదు. శ్రోతలు దీనికి అలవాటుపడిరి.

1976లో పంక్ అను మోటుసంగీతము తలయెత్తగా, తాను పదేండ్లుగా వినిపించుచున్న బాణీని వదలి దానికి చోటిచ్చెను. పాత శ్రోతలు అనేకులు అలిగిరి. 1978లో ఉత్తర ఐర్లండులోని డెర్రీ పట్టణపు యువకులు, ‘ది అండర్‌టోన్స్’ అను బృందమువారు, స్థానికముగా అచ్చువేయించిన యొక రికార్డును పంపిరి. ‘టీనేజ్ కిక్స్’ అను నా పాటను ఆయన ప్రసారము చేసి, ముగిసిన వెంటనే మరల మొదటినుండి మోగించెను. అంతవరకు పేరు వినని ఆ కుర్రలకు స్వల్పకాలముననే పెద్ద కంపెనీతో ఒప్పందము కుదిరెను.

1998లో ప్రభుత్వము ఓ.బి.ఇ. బిరుదమిచ్చెను. తొలినాటి తోడివారందరు వెడలిపోయినను ఈయన రేడియో 1ను వీడలేదు. 2004 అక్టోబరు 25వ తేదీన పెరూ దేశపు కుజ్కో నగరమున గుండెపోటుచే మరణించెను; వయస్సు అరువదియైదు. సగము వ్రాసి విడిచిన స్వీయచరిత్రను భార్య పూర్తిచేయగా 2005లో వెలువడెను. గ్రేట్ ఫిన్‌బరోలోని సమాధిశిలపై డెర్రీ కుర్రల ఆ పాటలోని చరణమొకటి చెక్కబడియున్నది.