మెట్టు మెట్టుగా లోతుకు: గుహల్లో ఈదేవారి శిక్షణ మనకు నేర్పే పాఠం

మన వరంగల్ శివనగర్‌లో కాకతీయుల కాలం నాటి మెట్లబావి ఉంది. అందులో నీటి దాకా చేరాలంటే ఒక్కో అంతస్తు దాటుకుంటూ మెట్ల మీదుగానే దిగాలి. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన విద్యల్లో ఒకటైన గుహ డైవింగ్‌ను కూడా సరిగ్గా ఇలాగే, మెట్టు మెట్టుగా నేర్పుతారు. గుహ డైవింగ్ అంటే నీటితో నిండిన గుహలోకి గాలి సిలిండర్ కట్టుకుని వెళ్లి రావడం. ఆ శిక్షణ ఎలా ఉంటుందో, అందులో మన హాస్టల్ విద్యార్థులకు పనికొచ్చేది ఏముందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

గుహలు మనకు కొత్త కాదు

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహల గురించి మనలో చాలామంది విన్నాం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశారు. 1982-83లో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం వీటిని వివరంగా పరిశోధించింది. వీటి పొడవు 3,229 మీటర్లు. అన్నిటికంటే లోతైన చోటును పాతాళగంగ అంటారు. అక్కడ ఒక నీటిపాయ కనిపించి, రాళ్ల కిందికి వెళ్లి మాయమవుతుంది. సున్నపురాతిని నీరు వేల ఏళ్లపాటు కరిగిస్తే ఇలాంటి గుహలు ఏర్పడతాయి. అమెరికాలోని ఫ్లోరిడాలోనూ, మెక్సికోలోని యుకటాన్‌లోనూ ఇలాంటి సున్నపురాతి గుహలు మైళ్ల పొడవున నీటితో నిండి ఉన్నాయి. గుహ డైవింగ్ శిక్షణ ఎక్కువగా రూపుదిద్దుకున్నది అక్కడే.

బావిలో మునిగినవాడు ఊపిరి చాలకపోతే నేరుగా పైకి వస్తాడు. గుహలో పైన ఉండేది రాతికప్పు. ఎంత దూరం లోపలికి వెళ్తే అంత దూరం వెనక్కి వస్తేనే గాలి దొరుకుతుంది. పైగా లోపల చీకటి. అడుగున మెత్తటి బురద. కాలు ఒక్కసారి గట్టిగా ఆడిస్తే బురద లేచి చేతిలోని దీపం కూడా కనిపించదు. సముద్రంలో వందలసార్లు మునిగిన నిపుణులు, శిక్షకులు కూడా గుహల్లో ప్రాణాలు పోగొట్టుకోవడానికి కారణం ఇదే. వారికి ఈత వచ్చు గాని గుహ రాదు.

ఒక లెక్కల మాస్టారు చేసిన మేలు

షెక్ ఎక్స్‌లీ ఫ్లోరిడాలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారు, గొప్ప గుహ డైవర్. గుహల్లో జరిగిన మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, చనిపోయినవారు ఏ జాగ్రత్త తప్పారో చూశారు. 1979లో దీనిపై ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. ఆ కృషి నుంచి వచ్చిన నియమాలనే నేటికీ ప్రపంచమంతా బోధిస్తున్నారు. అవి ఇవి:

1. తగిన శిక్షణ లేకుండా గుహలోకి పోరాదు.
2. బయటి వెలుగు నుంచి లోపలి దాకా తెగకుండా ఒక తాడు ఉండాలి.
3. గాలిలో మూడో వంతు మాత్రమే లోపలికి వెళ్లడానికి వాడాలి.
4. తన శిక్షణకు మించిన లోతుకు దిగరాదు.
5. ఒక్కొక్కరి దగ్గర కనీసం మూడు దీపాలు ఉండాలి.

ఆ ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలోని ఒక నీటి బిలంలో వెయ్యి అడుగుల లోతుకు దిగే ప్రయత్నంలో మరణించారు. లోతు ఎవరినీ మినహాయించదు.

శిక్షణలోని మెట్లు

మొదటి మెట్టులో విద్యార్థి గుహ ముఖద్వారం దగ్గరే ఉంటాడు. పగటి వెలుగు కనిపించినంత మేరకే పోవాలి. నీటి పైభాగం నుంచి లెక్కిస్తే లోతు, దూరం కలిపి సుమారు 60 మీటర్లు దాటరాదు. ఇక్కడ నేర్చుకునేది బురద లేపకుండా కప్పలా కాళ్లు ఆడించడం, నీటిలో పైకీ కిందికీ పోకుండా నిలకడగా ఉండటం, తాడు వేయడం, చుట్టడం.

రెండో మెట్టులో వెలుగు దాటి చీకటిలోకి వెళ్తాడు. కాని ముందే వేసి ఉన్న ప్రధాన తాడును వదలరాదు. పక్కదారుల్లోకి తిరగరాదు. గాలి వాడకం మీద కూడా గట్టి పరిమితి ఉంటుంది.

చివరి మెట్టులోనే పక్కదారులకు, చిక్కు మార్గాలకు అనుమతి దొరుకుతుంది. అప్పటికి విద్యార్థి కళ్లు మూసుకుని తాడు పట్టుకుని బయటికి రావడం, చీకటిలో చేజారిన తాడును వెతికి పట్టుకోవడం, గాలి అయిపోయిన తోటివాడికి తన గాలి ఇస్తూ ఇద్దరూ కలిసి రావడం అనేకసార్లు సాధన చేసి ఉంటాడు. ప్రమాదం వచ్చిన రోజున ఆలోచించే సమయం ఉండదు, అలవాటే పనిచేస్తుంది.

ఒక మెట్టుకు, మరో మెట్టుకు మధ్య అనుభవం కావాలి. సర్టిఫికెట్ చేతికొచ్చిన మర్నాడే పై మెట్టుకు ఉరకడం మంచి శిక్షకుడు ఒప్పుకోడు. ఇంకొక మంచి సంప్రదాయం ఉంది. బృందంలో ఎవరైనా, ఎంత చిన్నవాడైనా, ఏ కారణంతోనైనా వెనక్కి పోదాం అని సైగ చేస్తే అందరూ తిరగాలి. ఎందుకని అడగరాదు, ఎగతాళి చేయరాదు.

మూడో వంతు లెక్క

ఇది మన పదో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క. ఇద్దరు మిత్రుల దగ్గర చెరో 180 బార్ల గాలి ఉందనుకుందాం. సిలిండర్లు ఒకే రకం. మూడో వంతు అంటే 60 బార్లు వాడుకుని లోపలికి వెళ్లారు. సరిగ్గా అక్కడే ఒకరి పరికరం చెడిపోయింది. రెండోవాని దగ్గర 120 బార్లు మిగిలి ఉంది. తిరిగి రావడానికి ఒక్కొక్కరికి 60 చొప్పున ఇద్దరికీ 120 కావాలి. సరిపోయింది, కాని ఒక్క బారు కూడా మిగల్లేదు. భయంతో ఊపిరి వేగం పెరిగితే అదీ చాలదు. అందుకే మూడో వంతు అనేది హద్దు మాత్రమే. కొత్తవారు జంట సిలిండర్లు కట్టుకున్నా ఆరో వంతే వాడాలని నేర్పుతారు. ఆరో వంతు అయితే 30 బార్లతో లోపలికి వెళ్తారు. మిగిలిన 150లో ఇద్దరి తిరుగు ప్రయాణానికి 60 పోగా ఇంకా 90 ఉంటుంది.

లోతు కూడా గాలిని తింటుంది. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 20 మీటర్ల లోతున పీడనం మూడింతలు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు అక్కడ 60 లీటర్లు ఖర్చు చేస్తాడు. 12 లీటర్ల సిలిండర్‌లో 180 బార్లు అంటే 2,160 లీటర్ల గాలి. పైన అది 108 నిమిషాలు వస్తుంది. 20 మీటర్ల లోతున 36 నిమిషాలే. అందులో మూడో వంతు 12 నిమిషాలు. బడిలో చదివే బాయిల్ నియమం ఇక్కడ ప్రాణం నిలుపుతుంది.

థాయిలాండ్ గుహలో జరిగినది

2018 జూన్ 23న థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి 12 మంది ఫుట్‌బాల్ పిల్లలు, వారి యువ కోచ్ వెళ్లారు. వాన నీరు చేరి దారి మూసుకుపోయింది. జూలై 2న వారి జాడ కనుగొన్నవారు బ్రిటన్‌కు చెందిన రిక్ స్టాంటన్, జాన్ వోలాంథెన్. వీరు సైనికులు కారు. స్టాంటన్ అగ్నిమాపక శాఖలో పనిచేసిన వ్యక్తి. వోలాంథెన్ కంప్యూటర్ రంగంలో ఉన్నవారు. కాని ఏళ్ల తరబడి చీకటి గుహల్లో ఈదిన అనుభవం వారికి ఉంది. జూలై 8 నుంచి 10 వరకు మూడు రోజుల్లో 13 మందినీ బయటికి తెచ్చారు. అంతకుముందు జూలై 6న, థాయ్ నౌకాదళంలో పనిచేసిన సమన్ కునన్ లోపలికి సిలిండర్లు చేరవేసి తిరిగి వస్తూ నీటిలోనే స్పృహ తప్పి మరణించారు. ఆయన ధైర్యానికి, బలానికి కొదవ లేదు. అంతటి వ్యక్తిని కూడా ఆ గుహ బలి తీసుకుంది.

మనకేం పని?

మనలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్లం. వేసవి సెలవుల్లో వ్యవసాయ బావులు, చెరువులు, క్వారీ గుంతలు, కాకతీయ కాలువ మనల్ని పిలుస్తాయి. మన పెద్దలకు కూడా మెట్ల శిక్షణ తెలుసు. నడుముకు తాడు కట్టి, వీపుకు ఎండిన ఆనపకాయ బుర్రో, ఖాళీ డబ్బానో కట్టి, ముందు మెట్ల దగ్గర, తర్వాత దరి వెంట, ఆ తర్వాతే బావి మధ్యకు పంపేవారు. తాడు చివర అన్నో, మామో, బాపో పట్టుకుని గట్టు మీద ఉండేవారు. ఇప్పుడు తాడు లేదు, గట్టు మీద పెద్దమనిషి లేడు. తోటివాళ్లు రెచ్చగొడితే దూకేయడమే మిగిలింది.

అందుచేత మనం కొన్ని నియమాలు పెట్టుకుందాం. ఒంటరిగా, పెద్దలు లేకుండా నీటిలో దిగవద్దు. లోతు తెలియని చోట దూకవద్దు. కాలువకు సిమెంటు గోడలు ఏటవాలుగా, నాచుతో జారుతూ ఉంటాయి. దిగడం తేలికే గాని ఎక్కడం కష్టం. మునుగుతున్నవానిని కాపాడబోయి రెండోవాడు, వాని కోసం మూడోవాడు పోయిన విషాదాలు మన పల్లెలకు తెలుసు. కాబట్టి ముందు గట్టు మీదినుంచే తాడు, కర్ర, తువ్వాలు, ఖాళీ డబ్బా ఏది దొరికితే అది అందించాలి. కేకలు వేసి పెద్దలను పిలవాలి. 112కు గాని 108కి గాని ఫోన్ చేయాలి. వాడకంలో లేని పాత బావిలో ఎవరైనా స్పృహ తప్పి పడితే అసలు దిగరాదు. అడుగున ప్రాణవాయువు లేకపోవచ్చు. అగ్నిమాపక శాఖకు 101కి చెప్పాలి.

మెట్ల దారి మనవాళ్లను ఎంత ఎత్తుకు చేర్చగలదో కూడా మనం చూశాం. 2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. వారు నేరుగా ఎవరెస్టుకు పోలేదు. ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్ చలి, ఆ పైనే ఎవరెస్టు. ఎత్తుకు ఎక్కడానికైనా, లోతుకు దిగడానికైనా దారి ఒకటే.

మిత్రులారా! పేదింటి పిల్లలమైన మన మీద ఒక కుటుంబం ఆశలన్నీ పెట్టుకుని ఉంటుంది. ఇక ముందుకు వద్దు, వెనక్కి పోదాం అని చెప్పగలగడం పిరికితనం కాదు. గుహ డైవర్లు మొదటి మెట్టులోనే నేర్చుకునే విద్య అది. వచ్చే వేసవి సెలవుల్లో మనలో ఒక్కడైనా బావి గట్టు మీద నిలబడి ఆ మాట అనగలిగితే, మిగతావారం నవ్వకుండా వాని వెంట వెనక్కి తిరుగుదాం.