టెంక మొక్కయు అంటు మొక్కయు

పాఠ్యభాగము: రోమా 11:17-24

తియ్యని బంగినపల్లి పండు తిని, దాని టెంకను పెరటిలో పాతి, అదే పండు దొరకునని ఎదురుచూచుట మన కొయ్యూరు ప్రాంతమువంటి పల్లెలలో వాడుకయే. ఆ చెట్టు కాపునకు వచ్చుటకు ఆరు మొదలు ఎనిమిదేండ్లు పట్టును. తీరా చూడగా పండు పుల్లగానో పీచుగానో ఉండవచ్చును. కొండవాలున కొద్ది నేల గలవారికి అది చిన్న నష్టము కాదు. కాబట్టి దీని కారణము తెలిసికొందము.

బంగినపల్లి టెంకలో ఒకే పిండముండును. తల్లిచెట్టు పూవును, తరచుగా మరియొక చెట్టు పుప్పొడియు కలియుటచే అది కలుగును. ఒక తల్లి బిడ్డలందరు ఒకే పోలికగా ఉండనట్లే, ఒకే చెట్టు టెంకలు వేర్వేరు గుణములుగల చెట్లగును. ఆపిలు సంగతియు ఇంతే: సాధారణముగా అది తన పుప్పొడితో తాను కాయదు గనుక ప్రతి గింజయు క్రొత్త కలయికయే. అయితే కేరళలోని ఓలూరు వంటి కొన్ని మామిడి రకములలో ఒక టెంకనుండి అనేక మొలకలు వచ్చును. వాటిలో పెక్కు తల్లి కణములనుండియే పుట్టి తల్లిని పోలియుండును.

బంగినపల్లి పండు కావలెనన్న బంగినపల్లి కొమ్మయే కావలెను. వానకాలమున, పది పదునైదు దినముల టెంక మొలక తల కోసి, కాండమును నిలువుగా చీల్చి, మంచి చెట్టు పుల్లను మేకువలె చెక్కి అందులో దూర్చి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టుదురు. బెరడు క్రింది పచ్చి పొరలు రెండును తాకినచో అతుకును. వేరు నాటుదైనను పండు పైకొమ్మదే. అంటు క్రింద పుట్టు చిగుళ్లను తీసివేయవలెను. లేనియెడల నాటు కొమ్మయే చెట్టంతయు ఆక్రమించును.

అయినను టెంక చెట్టును తృణీకరింపరాదు. ఆస్ట్రేలియాలో 1868 ప్రాంతమున పుట్టిన గ్రానీ స్మిత్ ఆపిలు అనుకోకుండ మొలచిన గింజ మొక్కయే. నేడు లోకములో ఆ రకపు చెట్లన్నియు దాని కొమ్మల సంతతియే. మన కొండలలో ఏ నాటు మామిడియైనను మేలైన పండ్లు కాచినచో దానిని నరుకక, దాని కొమ్మలతో అంట్లు కట్టుడి. పండు బాగులేని చెట్టునైనను కొమ్మలు కోసి, క్రొత్త చిగుళ్లపై మంచి రకమును కట్టవచ్చును.

తోటమాలి నాటు వేరుపై మంచి కొమ్మను కట్టును. పౌలు చెప్పినదో, అడవి ఒలీవ కొమ్మ మంచి చెట్టునకు అంటుకట్టబడుట! అది స్వభావమునకు విరుద్ధమని ఆయనే ఒప్పుకొనెను. తోటలో అడవి కొమ్మ ఏ వేరుపైనను అడవి కాయలే కాయును. అట్టి కొమ్మనే దేవుడు చేర్చుకొనుట కృప. కనుక కొమ్మ అతిశయపడరాదు. దానిని మోయునది వేరే.