కొండలో ఒదిగిన బొమ్మల ఇల్లు

మ్యూజియం అంటే పెద్ద మేడ, ఎత్తు స్తంభాలు అనుకుంటాం. మధ్యప్రదేశ్ రాజధాని భోపాల్‌లో ఉన్న భారత్ భవన్ అలా ఉండదు. దాని గురించి తెలుసుకుందాం.

ఎలా కట్టారు?

భోపాల్‌లో ఒక పెద్ద చెరువు ఉంది. దాని ఒడ్డున కొండ వాలులో భారత్ భవన్ కట్టారు. ప్లాను గీసింది చార్లెస్ కొరియా అనే ఆర్కిటెక్టు. 1982 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ప్రారంభించారు.

కొరియా ఆ కొండని చదును చేయించలేదు. కొండ ఎలా దిగుతుందో కట్టడం కూడా అలాగే దిగుతుంది. మన కొండల మీద మెట్లు మెట్లుగా వరిమళ్ళు ఉంటాయి కదా, అలాగన్నమాట. పైనుంచి లోపలికి వెళ్ళాలి. కొన్ని మెట్లు దిగితే ఒక వాకిలి, ఇంకొన్ని దిగితే ఇంకో వాకిలి. వాటి చుట్టూ గదులు. కింది గదుల కప్పు మీద మనుషులు నడుస్తారు. ఎదురుగా చెరువు కనిపిస్తుంది.

గదులు నేలలోకి ఉంటే చీకటి కాదా? కాదు. కప్పులోంచి వెలుగు వచ్చేలాగ కట్టారు. చుట్టూ మట్టి ఉంటుంది కాబట్టి ఎండ వేడి కూడా గోడలకి తొందరగా తగలదు.

లోపల ఏముంది?

నాటకాలకి, సంగీతానికి, కవిత్వానికి వేరే వేరే చోట్లు ఉన్నాయి. బొమ్మల మ్యూజియం పేరు రూపంకర్. దాన్ని మొదట నడిపింది జగదీశ్ స్వామినాథన్ అనే చిత్రకారుడు. చాలా మ్యూజియాల్లో ఆదివాసీల వస్తువుల్ని పాతకాలం వస్తువుల్లాగ పెడతారు. ఈయన అలా చెయ్యలేదు. పట్నం చిత్రకారుల బొమ్మలూ ఆదివాసీల బొమ్మలూ ఒకే కప్పు కింద పెట్టారు.

ఇటుకలు మోసిన చిత్రకారిణి

ఇది అందరూ చదవాలి. భూరీబాయి భిల్లు ఆదివాసీ. ఊరు ఝాబువా జిల్లా పిటోల్. భారత్ భవన్ కట్టేటప్పుడు అక్కడికి కూలికి వచ్చింది. హిందీ సరిగా రాదు. స్వామినాథన్ ఆమెని మీ ఊళ్ళో గోడల మీద వేసే బొమ్మలు కాగితం మీద వెయ్యమన్నారు. ఊళ్ళో ఆమె జేగురుమట్టి, ఆకుపసరు, పెనం మసితో రంగులు చేసుకునేది. ఇక్కడ సీసాల్లో రంగులు ఇచ్చారు. కూలి రోజుకి 6 రూపాయలు అయితే, బొమ్మలకి రోజుకి 10 రూపాయలు ఇచ్చారు. 2021లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది.

పటన్‌గఢ్ అనే గోండు ఊరి నుంచి జన్‌గఢ్ సింగ్ శ్యామ్ కూడా ఇక్కడికి వచ్చాడు. 1989లో ఆయన బొమ్మలు పారిస్‌లో పెట్టారు. ఆయన 2001లో చనిపోయాడు. ఆయన పద్ధతిని జన్‌గఢ్ కలమ్ అంటారు.

మనం తెలుసుకోవలసింది

కొండని కొండలాగే ఉంచి ఇల్లు కట్టవచ్చు. కూలీకి వచ్చిన మనిషిని నీకేం వచ్చు అని అడగవచ్చు. భారత్ భవన్‌లో ఈ రెండూ జరిగాయి. కాని ఒక తేడా ఉంది. మన గోడ మీద బొమ్మ పండక్కి కొత్తగా వేస్తాం, పాతది మట్టిలో కలిసిపోతుంది. మ్యూజియంలో బొమ్మ ఉండిపోతుంది. అమ్మమ్మలు గోడకి వెయ్యడం మానేస్తే మ్యూజియంలో మాత్రమే మిగులుతుంది. అలా కాకూడదు.

ప్రశ్నలు

1. భారత్ భవన్‌లోకి పైనుంచి ఎందుకు వెళ్ళాలి?
2. నేలలోకి ఉన్న గదులకి వెలుగు ఎలా వస్తుంది?
3. మీ ఊళ్ళో గోడకి ఏ రంగులు, ఏ మట్టితో వేస్తారు? సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు అడిగి, రాసి ఈ గోడపత్రికకి ఇవ్వండి. వేసినవాళ్ళ పేరు తప్పకుండా రాయండి.