కొటేషన్ చదవడం వస్తే కొలువుంది

సివిల్ డిప్లొమా, బీటెక్ చదివే పిల్లల్లో చాలామంది ఎస్టిమేషన్‌ని ఎలాగోలా గట్టెక్కాల్సిన పేపరుగానే చూస్తారు. స్ట్రక్చరల్ డిజైన్‌కి ఉన్న గౌరవం దానికి లేదు. పరీక్ష అవగానే లాంగ్ వాల్, షార్ట్ వాల్ లెక్కలు అటకెక్కుతాయి. నా మాట వింటే ఆ పుస్తకాన్ని అమ్మేయకండి. పెద్ద నిర్మాణ కంపెనీల బిల్లింగ్ విభాగాల్లోనే కాదు, ఇరవై ముప్పై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లని బాగుచేయించుకుంటున్న కుటుంబాలకి కూడా ఆ విద్య అవసరం. రిపేరు పనిలో డబ్బు ఎక్కడ జారిపోతుందో ఇంటివాళ్లకి తెలియదు. తెలిసిన మేస్త్రి తన నష్టానికి తనే నోరు విప్పడు.

ఒక బాత్‌రూమ్‌నే తీసుకుందాం. 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. పాత టైల్స్ కొట్టేసి కొత్తవి వేయాలి, పైపులు మార్చాలి. ఇద్దరు కాంట్రాక్టర్లు కొటేషన్లు ఇచ్చారనుకోండి. మొదటాయనది ఒకటే లైను: బాత్‌రూమ్ పని, మెటీరియల్‌తో సహా, 1,60,000 రూపాయలు. రెండో ఆయనది రెండు పేజీలు. ఐటమ్ వారీగా కొలత, రేటు, మొత్తం రాసి, జీఎస్టీతో కలిపి 2,05,000 అన్నాడు. ఇంట్లో ఎవరినడిగినా మొదటిదే నయమంటారు. ఎస్టిమేటర్ పని మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ముందు టేపు పట్టండి. చుట్టుకొలత 26 అడుగులు, 7 అడుగుల ఎత్తు వరకు టైల్స్ అంటే గోడలు 182 చదరపు అడుగులు. రెండున్నర అడుగుల తలుపు పోతే సుమారు 165. నేల 40. మొత్తం 205కి కోతల్లో, పగుళ్లలో పోయేది పది శాతం కలిపితే 225. ఇప్పుడు మొదటాయన్ని కూర్చోబెట్టి అడగండి. టైల్స్ 150 అడుగుల దాకానే తన లెక్కలో ఉన్నాయి, పైది ఎక్స్‌ట్రా. కొట్టిన చెత్తని కిందికి దింపి బండికెత్తించడం ఇంటివాళ్ల ఖర్చు. వాటర్‌ప్రూఫింగ్ "కావాలంటే చేయిద్దాం సార్". జీఎస్టీ వేరే. ఇలాంటి వర్క్స్ కాంట్రాక్టు మీద పన్ను 18 శాతం.

లెక్క కోసం మిగిలిన 75 అడుగుల టైల్స్‌కి కూలీతో కలిపి అడుగు 120 చొప్పున 9,000, చెత్త ఎత్తడానికి 8,000, వాటర్‌ప్రూఫింగ్‌కి 15,000 వేద్దాం. 1,60,000 కాస్తా 1,92,000 అయింది. పన్నుతో 2,26,560. రెండో ఆయన కాగితంలో ఇవన్నీ ఉన్నాయనుకుంటే, చవక అనుకున్నదే ఖరీదైంది. ఇందులో మోసం ఉందని నేననను. చాలాసార్లు ఆ కాంట్రాక్టరుకే తన పని పూర్తి కొలత తెలియదు. అందుకే కొటేషన్‌లో ఏం రాశారో చదవడం సగం పనే. ఏం రాయలేదో పట్టుకోగలిగిన మనిషికే జీతం ఇస్తారు.

కొలిచే పద్ధతి దగ్గర కూడా ఇంతే గొడవ. 10 అడుగులకి 12 అడుగుల గది, ఎత్తు 10. రంగు వేసేవాడు 'అడుగుకి ఇంత' అంటే ఏ అడుగు? నేల కొలిస్తే 120. గోడలు 440, సీలింగ్ 120 కలిపితే 560. కిచెన్ అల్మారాలకి కొందరు ముందువైపు వైశాల్యానికి ధర చెబుతారు, కొందరు రన్నింగ్ ఫుట్‌కి చెబుతారు. ఆ రెండు కొటేషన్లని పక్కపక్కన పెట్టి పోల్చడానికే కుదరదు, ముందు ఒకే కొలతలోకి మార్చాలి. సరుకు రకం కూడా స్పష్టంగా ఉండాలి. 'వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్' అని రాసి వదిలేస్తే సరిపోదు. నీటిని తట్టుకునే రకం ఐఎస్ 710, మామూలు వాడకపు రకం ఐఎస్ 303. సింకు కింద ఏది వేస్తారో కాగితం మీద ఉండాలి.

కొలతల మీద వాదన వస్తే తీర్చడానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 1200 ఎప్పుడో ఇచ్చింది. ప్లాస్టరింగ్‌లో అర చదరపు మీటరు లోపు ఖాళీకి ఏమీ తగ్గించరు. అర నుంచి 3 చదరపు మీటర్ల వరకు, రెండువైపులా ఒకే ప్లాస్టర్ ఉంటే, ఒకవైపే తగ్గిస్తారు. ఇళ్లలో ఉండే 3 అడుగులకి 7 అడుగుల తలుపు దాదాపు 2 చదరపు మీటర్లు కాబట్టి ఈ రెండో లెక్కలోకి వస్తుంది. ఇది తెలియక మేస్త్రీ, ఇంటాయనా ఒక తలుపు కోసం పూటంతా పోట్లాడుకుంటారు.

కొత్త కట్టడానికీ పాత ఇంటి రిపేరుకీ అసలు తేడా గోడ లోపల ఉంది. తుప్పు పట్టిన జీఐ పైపు, తడితే డొల్లగా మోగే ప్లాస్టర్, స్లాబు అడుగున ఉబ్బిన కమ్మీ పని మొదలయ్యాకే బయటపడతాయి. వీటికోసం బడ్జెట్‌లో పదో పదిహేనో శాతం విడిగా పెట్టించడం మీ బాధ్యత. దానితోపాటు డొల్ల ప్లాస్టర్ తీసి మళ్లీ చేస్తే అడుగుకి ఎంత, పైపు మారిస్తే అడుగుకి ఎంత అన్న రేట్లు పని మొదలవకముందే రాయించుకోవాలి. గోడ పగలగొట్టాక అడిగిన రేటుకి బేరం ఉండదు. అదనపు పని ఏదైనా సరే, వాట్సాప్‌లోనైనా ఇద్దరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టించాలి. అడ్వాన్సు తక్కువిచ్చి, మిగతాది పని దశలకి ముడిపెట్టాలి. వాటర్‌ప్రూఫింగ్ డబ్బు, నేల మీద నీళ్లు నిలబెట్టి కనీసం 24 గంటలు చూసి, కింది సీలింగ్‌లో తడి లేదని తేలాకే ఇప్పించాలి.

ఇక దారి సంగతి. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి సివిల్ డిప్లొమాలో చేరవచ్చు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడు రెండేళ్లు. డిప్లొమా వాళ్లకి ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లే వీలుంది. హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, నిక్‌మార్ నిర్మాణ రంగపు శిక్షణ ఇస్తున్నాయి. మొదటి ఉద్యోగం బిల్లింగ్ ఇంజినీర్, జూనియర్ క్వాంటిటీ సర్వేయర్, ఇంటీరియర్ సంస్థల్లో సైట్ ఎస్టిమేటర్ పేర్లతో దొరుకుతుంది. గల్ఫ్‌కి వెళ్లాలనుకునే వాళ్లు అక్కడ వాడుకలో ఉన్న పోమీ కొలత పద్ధతినీ, ఫిడిక్ కాంట్రాక్టు షరతుల్నీ ముందే చదువుకోవడం మంచిది. లండన్‌లోని సర్వేయర్ల సంస్థ ఆర్‌ఐసీఎస్ సభ్యత్వానికి అక్కడ విలువెక్కువ.

సర్టిఫికెట్ కోసం ఎదురుచూడకుండా ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. కేంద్ర ప్రజాపనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) రేట్ల పుస్తకం, రేట్ల విశ్లేషణ ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంత కొలత ప్లాస్టర్‌కి సిమెంటు ఎంత, మేస్త్రి పూట ఎంత అన్నది ఆ విశ్లేషణ విడదీసి చూపిస్తుంది. అక్కడి ధర మీ ఊరికి సరిపోకపోవచ్చు, విడదీసే పద్ధతి ఎక్కడైనా పనికొస్తుంది. మీ ఇంట్లో ఒక గదినో, బంధువుల బాత్‌రూమ్‌నో కొలిచి ఎక్సెల్‌లో కొలతల షీటు, అబ్‌స్ట్రాక్టు తయారుచేయండి. దగ్గర్లోని టైల్స్ షాపులో, ప్లంబింగ్ షాపులో రేట్లు అడిగి నింపండి. పని అయ్యాక అసలు బిల్లులు తెచ్చి మీ అంచనా పక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి ఐటమ్‌కీ కారణం రాయండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు మార్కుల మెమోతోపాటు ఆ షీటు కూడా ఫైలులో పెట్టుకోండి.