స్నానాలగది ఫ్యానుకు వేరు స్విచ్చి

ప్రశ్న: స్నానాలగదిలో దీపము వేసినప్పుడెల్ల ఎగ్జాస్టు ఫ్యానుకూడ తిరుగుచున్నది. దానికి వేరుగా స్విచ్చి అమర్చుట యెట్లు?

జవాబు: దీపపు స్విచ్చినుండి వెలువడు తీగకే ఫ్యాను కలుపబడి యుండుటచేత ఆ రెండును ఏకకాలమున నడచుచున్నవి. కావున ఆ బంధమును విడదీసి, స్విచ్చిలోనికి వచ్చు ఫేజునుండి యొక తీగను క్రొత్త 6 ఆంపియర్ల స్విచ్చికి గొనిపోయి, అచ్చటినుండి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగతో ఫ్యానుకు చేర్చవలెను. న్యూట్రలు మాత్రము నేరుగా ఫ్యానును చేరవలెను. ఫేజునకు బదులు న్యూట్రలును స్విచ్చిచే త్రెంచినచో, ఫ్యాను ఆగినను దానియందు 230 వోల్టుల విద్యుత్తు నిలిచియే యుండును. తడిచేతులకు అది ప్రాణాంతకము. ఈ పనియందు నేను మిక్కిలి భయపడునది యిదియే. లోహపు చట్రము గల ఫ్యానుకు ఎర్తు తప్పదు. స్విచ్చి గది వెలుపలనే యుండుట మేలు. ఇంట 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి. (విద్యుత్తు లీకైనచో సరఫరాను త్రెంచు సాధనము) లేనిచో ముందుగా దానిని పెట్టింపుడు. మెయిను ఆపి, టెస్టరుతో పరీక్షించిన పిమ్మట, లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేతనే పని చేయింపుడు.