చూసి వేస్తే కాపీ కొట్టినట్టేనా?



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు కూతురి డ్రాయింగ్ పుస్తకం చూపించి, "అన్నీ చూసి వేసినవే మేడం, సొంతంగా ఒక్కటీ లేదు" అన్నారు. పక్కనే ఉన్న పాప మెల్లగా పుస్తకం మూసేసింది. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు చెబుతాను.

స్పెయిన్‌లోని ప్రాడో మ్యూజియంలో మోనాలిసా నకలు ఒకటి ఉంది. చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రంగుల అడుగున ఉన్న గీతలను ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో పరీక్షించి, 2012లో ఒక సంగతి ప్రకటించారు. లియొనార్డో డావిన్సీ తన బొమ్మలో దిద్దుకున్న చోట్లే నకలులోనూ దిద్దుబాట్లు ఉన్నాయి! గురువు వేస్తుండగా శిష్యుడెవరో పక్కనే కూర్చుని వేశాడని నిపుణుల అభిప్రాయం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో నేటికీ అనుమతి తీసుకుని పాత చిత్రాలను చూసి వేస్తారు. కానీ నకలు అసలు సైజులో ఉండకూడదు, అసలు చిత్రకారుడి సంతకం వేయకూడదు. నేర్చుకోవడానికీ మోసానికీ మధ్య గీత అదే.

గత వేసవిలో నేనూ ఆయిల్ రంగులతో మోనాలిసా ముఖం వేశాను. పెదవుల చివర గీత గీశాను. నవ్వు పోయి వెటకారం వచ్చింది! మళ్లీ చూస్తే అసలు బొమ్మలో అక్కడ గీతే లేదు. పలుచని పొరలతో వెలుగు నీడలోకి పొగలా కరిగిపోతుంది. దీన్నే స్ఫుమాటో అంటారు. ఆయిల్ రంగు త్వరగా ఆరదు కాబట్టి గుడ్డతో తుడిచి మళ్లీ వేశాను.

ఇంట్లో ఇలా ప్రయత్నించండి:

1. ప్రింట్ మీద, కాగితం మీద సమాన సంఖ్యలో గళ్లు గీయించండి. ఒక్కో గడిలో కనిపించేదే పెన్సిల్‌తో వేయాలి. చిన్న తరగతులకు ఇది చాలు.

2. పెద్ద పిల్లలైతే కాన్వాస్ మీద ముందు గోధుమ రంగు ఒక్కదానితో వెలుగునీడలు వేయాలి.

3. అది ఆరాక చర్మం రంగు పలుచగా వేయాలి. కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలి. లేకపోతే పగుళ్లు వస్తాయి.

4. మధ్యమధ్య బొమ్మను అద్దంలో చూడాలి. వంకర ఇట్టే తెలుస్తుంది.

టర్పెంటైన్ వాడితే కిటికీలు తెరిచి, మీరు పక్కనే ఉండండి.

పూర్తయ్యాక వెనుక "లియొనార్డో చిత్రం చూసి వేసినది" అని రాయించండి. తర్వాత అదే పద్ధతిలో అమ్మమ్మనో నాయనమ్మనో ఎదురుగా కూర్చోబెట్టి వేయమనండి. మీరు అడిగిన 'సొంతం' అక్కడ మొదలవుతుంది.

నాన్నగారూ, ఈసారి పుస్తకం తెరిచి "ఎక్కడ దిద్దావమ్మా?" అని అడగండి. పాప చెబుతుంది.

ఇట్లు,
మీ క్లాస్ టీచర్