కొత్త ల్యాప్‌టాప్‌లో లైనక్స్: డ్రైవర్ అనే దుబాసీ

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. అలాంటి ఒక ఇంట్లో అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరిందనుకుందాం. ఇంట్లోవాళ్లు కూడబెట్టిన డబ్బుతో కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. ప్రోగ్రామింగ్ పాఠాలకు లైనక్స్ ఉంటే మేలని కాలేజీలో చెప్పారు. పెన్‌డ్రైవ్ పెట్టి లైనక్స్ ఎక్కించింది. తెర వెలిగింది, కీబోర్డు పనిచేసింది. వైఫై మాత్రం లేదు. సెట్టింగుల్లో ఆ మాటే కనిపించడం లేదు. డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్న సామెత ఇలాంటి చోటే గుర్తొస్తుంది. దుకాణంలో అడిగితే, 'విండోస్ తీసేశారుగా, ఇక మాకు సంబంధం లేదు' అంటారు.

నిజానికి యంత్రం పాడవలేదు. లోపల ఒక మధ్యవర్తి తక్కువయ్యాడంతే.

పూర్వం రేవు పట్టణాల్లో విదేశీ వర్తకులకూ ఇక్కడి వారికీ మధ్య దుబాసీ ఉండేవాడు. రెండు భాషలూ తెలిసినవాడు అతనొక్కడే. కంప్యూటర్‌లో డ్రైవర్ చేసే పని అదే. 'ఈ సమాచారాన్ని పంపు' అని ఆపరేటింగ్ సిస్టమ్ అంటుంది. వైఫై చిప్‌కు ఆ మాట అర్థం కాదు. ఏ రిజిస్టర్‌లో ఏ సంఖ్య రాస్తే అది కదులుతుందో తెలిసింది డ్రైవర్‌కే. ఆ వివరాలు కంపెనీకి ఒక రకంగా, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కు ఒక రకంగా ఉంటాయి.

అయితే మౌస్ ఏ యంత్రానికి తగిలించినా ఎలా పనిచేస్తోంది? అక్కడ కంపెనీలన్నీ ముందే ఒక ఒప్పందానికి వచ్చాయి. యూఎస్‌బీ ప్రమాణంలో మౌస్, కీబోర్డు, పెన్‌డ్రైవ్, వెబ్ కెమెరా వంటి వాటికి ఉమ్మడి భాష ఉంది. ఆ భాష తెలిసిన ఒక్క డ్రైవర్ వేల మోడళ్లను నడుపుతుంది. వైఫై చిప్‌లకు, గ్రాఫిక్స్ చిప్‌లకు, వేలిముద్ర రీడర్లకు అలాంటి ఉమ్మడి భాష లేదు. లైనక్స్‌లో తలనొప్పులన్నీ దాదాపు ఈ మూడింటి చుట్టూనే ఎందుకు తిరుగుతాయో దీంతో తెలిసిపోతుంది.

దుబాసీల కథలో ఒక మలుపు లైనక్స్ పుట్టకముందే జరిగింది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ వచ్చింది. అంతకుముందున్న ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే వాడుకరులకు కబురు వెళ్లేలా రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రామ్‌ను సవరించుకున్నాడు. కొత్త దానికీ అలాగే చేద్దామంటే దాని సోర్సు కోడ్ లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆ కోడ్ ఉన్న పరిశోధకుణ్ని అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం రాసిచ్చానన్నాడు. స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ తిరస్కారం కూడా ఉందని ఆయనే చెప్పుకున్నాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నెల్, గ్నూ పరికరాలు కలిసినదే మనం వాడే లైనక్స్. అంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ చరిత్రలో మొదటి పేజీల్లోనే ఒక ప్రింటర్ గొడవ ఉందన్నమాట.

లైనక్స్‌లో డ్రైవర్లు ఎక్కువ భాగం కెర్నెల్‌తోపాటే వస్తాయి. కెర్నెల్ కోడ్ ఇప్పుడు సుమారు నాలుగు కోట్ల వరుసలు. అందులో సగానికి మించి డ్రైవర్లే. విండోస్‌లో లాగా సీడీ వేయడం, కంపెనీ వెబ్‌సైటులో వెతకడం సాధారణంగా అవసరం లేదు. పదేళ్ల పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ నోరెత్తకుండా పనిచేయడానికీ, నిన్న కొన్నదానిలో మొరాయించడానికీ కారణం ఇదే. కొత్త చిప్‌కు డ్రైవర్ రాయాలి, అది కెర్నెల్‌లో చేరాలి. తొమ్మిది పది వారాలకొకసారి వచ్చే విడుదలలో అది బయటికి రావాలి. ఆ కెర్నెల్‌ను ఉబుంటు, డెబియన్ వంటి పంపిణీలు తీసుకోవాలి. ఈలోగా ల్యాప్‌టాప్ దుకాణానికి వచ్చేసి ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే వైఫై చిప్ రియల్‌టెక్ ఆర్‌టీఎల్ 8852బీఈ. దాని డ్రైవర్ 2023 ఫిబ్రవరిలో విడుదలైన కెర్నెల్ 6.2లో చేరింది. అదే ఏడాది జూన్‌లో వచ్చిన డెబియన్ 12 మాత్రం 6.1 కెర్నెల్‌తో వచ్చింది. ఒక్క అంకె తేడా! 'ఇంత తాజా డెబియన్ వేశాను, ఇంకేం కావాలి' అనుకున్నవారికి వైఫై రాలేదు. పంపిణీ విడుదలైన తేదీ కాదు, దానిలోని కెర్నెల్ సంఖ్యే చూడాలి. ఉబుంటు 24.04 మొదట 6.8తో, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కెర్నెల్ 6.12తో వచ్చాయి.

అందుకే విండోస్ ఉన్నప్పుడే ఒక పని చేసిపెట్టుకోవాలి. డివైస్ మేనేజర్ తెరిచి వైఫై అడాప్టర్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో వివరాల పేజీకి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీ చూడండి. అక్కడ రెండు సంఖ్యలుంటాయి, ఒకటి కంపెనీది, ఒకటి చిప్‌ది. రియల్‌టెక్ సంఖ్య 10ఈసీ, పైన చెప్పిన చిప్ సంఖ్య బీ852. ఇంటెల్ కంపెనీ సంఖ్య 8086. 1978లో తనకు పేరు తెచ్చిన ప్రాసెసర్ అంకెనే ఆ కంపెనీ గుర్తుగా పెట్టుకుంది. ఈ జంట సంఖ్యతో వెతికితే ఏ కెర్నెల్‌లో దానికి డ్రైవర్ ఉందో తెలుస్తుంది. పెట్టె మీద రాసిన పేరుతో వెతికితే దారి తప్పుతాం. ఒకే మోడల్ పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లలోనూ వేర్వేరు బ్యాచ్‌లలో వేర్వేరు వైఫై చిప్‌లు ఉండొచ్చు.

ఆ తర్వాత లైనక్స్‌ను వెంటనే ఎక్కించవద్దు. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసే సౌకర్యం దాదాపు అన్ని పంపిణీల్లోనూ ఉంది. ఒక అరగంట వైఫై, శబ్దం, కెమెరా, తెర వెలుగు తగ్గించే మీటలు, మూత మూసి తెరిస్తే లేస్తోందా లేదా అన్నీ చూడండి. ఈ అరగంటకు మించిన బీమా లేదు. డిస్కులో ఒక్క అక్షరం మారదు కాబట్టి నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే సరి.

ఎక్కించే దశలో కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎదురయ్యే వింత ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోవడం. ఇంటెల్ ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీని వీఎండీ అనే నియంత్రిక వెనక దాచి అమ్ముతారు. బయోస్‌లో దాన్ని ఆపితే డిస్కు కనిపిస్తుంది, కానీ అంతకుముందున్న విండోస్ నీలి తెరతో ఆగిపోవచ్చు. విండోస్ అవసరం ఉంటే ముందు దాన్ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, ఆ తర్వాత బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేవనివ్వాలి. అప్పుడది కొత్త అమరికకు సరిపడే డ్రైవర్‌ను తనే తెచ్చుకుంటుంది. తర్వాత సేఫ్ మోడ్ తీసేయాలి.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. కొత్త విండోస్ యంత్రాల్లో డిస్కు బిట్‌లాకర్‌తో తాళం వేసి వస్తుండవచ్చు, ఆ సంగతి యజమానికి తెలియకపోవచ్చు కూడా. బయోస్‌లో ఏదైనా మార్చగానే అది 48 అంకెల రికవరీ తాళంచెవి అడుగుతుంది. అది లేకపోతే ఫోటోలు, ప్రాజెక్టులు, ఇంటి లెక్కలు అన్నీ పోయినట్టే. ఏ మెకానిక్కూ తేలేడు. బయోస్‌ను తాకకముందే ఆ అంకెలను కాగితం మీద రాసుకోండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగకుండా కునుకు తీస్తుంది, లైనక్స్ నుంచి ఆ భాగంలో ఏమీ రాయడం కుదరదు.

మొదటి చిక్కుముడికి వద్దాం. వైఫై లేనప్పుడు నెట్ ఎలా? ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో తగిలించి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కండి. ఫోన్ తనను తాను తీగ నెట్‌వర్క్ కార్డుగా పరిచయం చేసుకుంటుంది. ఆ భాష లైనక్స్‌కు ఏనాటి నుంచో తెలుసు. డేటా ప్యాక్ సంగతి చూసుకోండి, కెర్నెల్, ఫర్మ్‌వేర్ కలిపి కొన్ని వందల ఎంబీలు కావచ్చు.

నెట్ వచ్చాక కనబడిందల్లా దింపుకోకుండా రోగం ఏమిటో చూడాలి. టెర్మినల్‌లో ఎల్-ఎస్-పీ-సీ-ఐ అనే ఆదేశాన్ని, పక్కన ఖాళీ వదిలి అడ్డగీత పెట్టి ఎన్-ఎన్-కే అక్షరాలతో ఇవ్వండి (అన్నీ ఆంగ్ల చిన్న అక్షరాలు). యంత్రంలోని పరికరాలు, వాటి సంఖ్యలు, ఎవరి కింద ఏ డ్రైవర్ పనిచేస్తోందో వరసగా వస్తాయి. వైఫై చిప్ పేరు ఉండి దాని కింద డ్రైవర్ వరుస లేకపోతే దుబాసీ రాలేదని అర్థం. మందు కొత్త కెర్నెల్. చిప్ పేరే లేకపోతే బయోస్‌లో ఆపేసి ఉండొచ్చు, లేదా కార్డు వదులై ఉండొచ్చు. డ్రైవర్ పేరు ఉండీ వైఫై రాకపోవడం మూడో రకం, ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే.

ఇప్పటి వైఫై చిప్ ఒక చిన్న కంప్యూటర్. దాని లోపల నడవడానికి దానికో ప్రోగ్రామ్ కావాలి. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. చాలా చిప్‌లు దాన్ని లోపల దాచుకోవు. కంప్యూటర్ వెలిగిన ప్రతిసారీ డ్రైవర్ డిస్కు నుంచి తీసి అందించాలి. దుబాసీ వచ్చి కూర్చున్నాడు, కానీ అవతలివాడికి ఇంకా మెలకువ రాలేదన్నమాట. డీ-ఎం-ఈ-ఎస్-జీ ఆదేశంతో కెర్నెల్ దినచర్య చూస్తే ఏ ఫైలు దొరకలేదో పేరుతో సహా రాసి ఉంటుంది. లైనక్స్-ఫర్మ్‌వేర్ పొట్లాన్ని తాజా చేసి, యంత్రాన్ని పూర్తిగా ఆపి వెలిగిస్తే చాలాసార్లు తీరిపోతుంది. ఈ ఫైళ్లకు సోర్సు కోడ్ ఉండదు కాబట్టి డెబియన్ వాటిని ఏళ్ల తరబడి తన ప్రధాన ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో సభ్యులు ఓటింగ్ పెట్టుకుని నియమం మార్చుకున్నారు. సిద్ధాంతం కోసం అన్నాళ్లు నిలబడ్డవారిని గౌరవించాల్సిందే, కానీ వైఫై లేక ఇబ్బంది పడ్డ విద్యార్థుల వైపు నుంచి చూస్తే ఆ మార్పు ఆలస్యంగానే వచ్చింది.

ఎవరో అపరిచితుడు పెట్టిన డ్రైవర్ కోడ్‌ను దింపి కంపైల్ చేయడం చివరి మార్గంగానే పెట్టుకోండి. ఇవాళ పనిచేసినా, రేపు కెర్నెల్ మారగానే మళ్లీ మొదటికొస్తుంది.

ఎన్‌విడియా గ్రాఫిక్స్ కథ వేరు. ఆ కంపెనీ డ్రైవర్ చాలాకాలం మూసిన పెట్టెగా ఉండేది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు టోర్వాల్డ్స్ కెమెరా ముందే ఆ కంపెనీకి మొరటు సైగ చేశాడు. 2022 మేలో ఎన్‌విడియా తన కెర్నెల్ భాగాల సోర్సును బయటపెట్టింది. అవి కెర్నెల్‌లో కలిసి రావు కనుక, విడిగా ఎక్కించినప్పుడు సెక్యూర్ బూట్ అడ్డుపడవచ్చు. సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే కాపలా అది. మీ యంత్రంలో తయారైన డ్రైవర్‌కు మీ సంతకమే ఉంటుంది, దాన్ని కాపలాదారుకు పరిచయం చేయాలి. అందుకే ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడిగి, మళ్లీ వెలిగించగానే నీలి తెర చూపిస్తుంది. అది చూసి కంగారుపడి వదిలేస్తే పది సెకన్లలో మాయమై, డ్రైవర్ చడీచప్పుడు లేకుండా మూలన పడుతుంది. ఏదైనా మీట నొక్కి 'ఎన్‌రోల్ ఎంఓకే' ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇవ్వండి. సెక్యూర్ బూట్‌ను పూర్తిగా ఆపేయమని సలహా ఇచ్చేవారున్నారు. పరిచయం చేయడం రెండు నిమిషాల పనైనప్పుడు కాపలా తీసేయడం దేనికి?

వేలిముద్ర రీడర్ పనిచేయకపోతే దాని మీద సమయం పెట్టకండి, చాలావాటికి డ్రైవర్ లేదు. తెలుగు అక్షరాల విషయంలో భయం అక్కర్లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు కూడా పంపిణీల్లో దొరుకుతాయి.

సూరత్‌లో ఇంకో ప్రశ్న వస్తుంది. ఇంట్లో ఎంబ్రాయిడరీ పని ఉంటే అదే ల్యాప్‌టాప్‌లో డిజైన్లు చేయాలి. వాణిజ్య డిజైన్ సాఫ్ట్‌వేర్ చాలావరకు విండోస్‌కే ఉంది. లైనక్స్‌లో ఇంక్‌స్కేప్‌కు తోడుగా ఇంక్‌స్టిచ్ అనే ఉచిత పనిముట్టు ఉంది, యంత్రాలు చదివే డీఎస్‌టీ ఫైళ్లు రాయగలదు. అయినా పాత ఆర్డర్లు ఆ వాణిజ్య సాఫ్ట్‌వేర్ సొంత ఫైళ్లలో ఉంటే, డిస్కును రెండుగా చేసి విండోస్‌ను కూడా ఉంచుకోవడమే తెలివి. బతుకుతెరువు ఉన్న యంత్రం మీద ప్రయోగాలు చేయకూడదు.

ఇవన్నీ చేసినా వైఫై రాకపోతే కార్డునే మార్చవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఒక్క మరతో బిగించిన ఎం.2 ముక్క, మూత తెరిస్తే వారంటీ పోతుందేమో ముందు అడగండి. ఇంటెల్ ఏఎక్స్ 210 రకానికి కెర్నెల్ 5.10 నుంచే డ్రైవర్ ఉంది. కొనేటప్పుడు అంకె జాగ్రత్తగా చూడండి. ఏఎక్స్ 201, 211 కార్డులు చూడ్డానికి అలాగే ఉన్నా, వాటి పనిలో కొంత భాగం ఇంటెల్ ప్రాసెసర్ వైపు ఉంటుంది. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో పెడితే అవి పనిచేయవు.